రాత్రి ఫ్లయింగ్‌లో విమానం ఒరిగిపోతున్నట్టు అనిపిస్తోంది, నా చెవిలో లోపమా?

రేణిగుంట_రెక్కలు
మాది తిరుపతి, కొర్లగుంట. ఉత్తరాదిన ఒక ఫ్లయింగ్ స్కూల్లో సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు కోర్సు చేస్తున్నాను, విమానం ఒకటే ఇంజినున్న చిన్న సెస్నా 172. పగలు ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్యే నైట్ ఫ్లయింగ్ మొదలుపెట్టారు. అమావాస్య రోజులు, పైన మబ్బు, ఊరు దాటితే కింద ఒక్క దీపం లేదు. ఎడమవైపు పెద్ద టర్న్ ఒకటి పూర్తిచేసి రెక్కలు సమం చేశాను. ఎదురుగా యాటిట్యూడ్ ఇండికేటర్‌లో (విమానం ఎటు ఎంత ఒరిగిందో చూపే మీటరు) అంతా సరిగ్గానే ఉంది, ఒళ్లు మాత్రం విమానం కుడివైపు ఒరిగిపోతోందని గట్టిగా చెబుతోంది. ఎంత గట్టిగా అంటే నాకు తెలియకుండానే మెడ, భుజం ఎడమకు వాల్చి కూర్చున్నాను, చెయ్యి కూడా కంట్రోల్‌ని అటే తిప్పబోతోంది. దిగాక ఇన్‌స్ట్రక్టర్‌తో చెబితే "అందరికీ ఉండేదే, మీటర్లు చూడు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అందరికీ ఉండేదే అయితే బ్యాచ్‌లో ఒక్కరైనా నాకూ అయిందనాలి కదా, ఎవరూ నోరు విప్పరు. నిజంగా చెవిలో లోపం ఉందా? మెడికల్‌లో చెప్పాలా, చెబితే క్లాస్ వన్ (పైలట్‌కు కావాల్సిన మెడికల్ సర్టిఫికెట్) పోతుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

పుత్తూరు_కట్టు
చెయ్యో కాలో అయితే మా ఊరు రమ్మనేవాణ్ణి. చెవికి కట్టు కట్టడం ఇంకా మొదలుపెట్టలేదు తమ్ముడూ.

చెవిముక్కుగొంతు
లోపం లేదు. లోపలి చెవి బాగా పనిచేస్తోంది కాబట్టే నీకు అలా అనిపించింది, అది దెబ్బతిన్నవాళ్లకు ఈ భ్రమ రాదు.

జరిగింది ఇదీ. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి, వాటిలో ద్రవం. తల తిరగడం మొదలుకాగానే నాళం కదులుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడా వల్ల అక్కడున్న సన్నటి వెంట్రుకలు వంగుతాయి, మెదడుకు "తిరుగుతున్నాం" అని కబురు వెళ్తుంది. అదే వేగంతో పది ఇరవై సెకన్లు తిరుగుతూనే ఉంటే ద్రవం కూడా నాళంతో సమానమైపోతుంది, కబురు ఆగిపోతుంది. నీ ఎడమ టర్న్ పెద్దది అన్నావు, అంటే మధ్యలోనే నీ చెవి "ఇప్పుడు తిన్నగా పోతున్నాం" అని నమ్మేసింది. తర్వాత నువ్వు రెక్కలు సమం చేశావు, నాళం ఆగింది, ద్రవం ఆగలేదు. దాంతో కుడివైపు పడిపోతున్న భావన. పాఠాల్లో దీన్ని లీన్స్ అంటారు.

ఇంతకన్నా భయపడాల్సింది ఇంకొకటుంది. సెకనుకు సుమారు 2 డిగ్రీల కంటే మెల్లగా ఒరిగితే ఆ కబురు అసలు పుట్టదు. నువ్వు ఒళ్లో ఉన్న మ్యాప్ చూసుకుంటూ ఉన్న అర నిమిషంలో విమానం మెల్లమెల్లగా పక్కకు వాలిపోయినా ఒంటికి తెలియదు. పగలు కన్ను వచ్చి చెవి నోరు మూయిస్తుంది. చీకట్లో ఆ పెద్దమనిషి లేడు.

పీలేరు_ప్యాసింజర్
రేణిగుంట జంక్షన్‌లో పక్క ప్లాట్‌ఫారం మీది రైలు కదిలితే మనదే కదిలిందనుకుని టీ గ్లాసు గట్టిగా పట్టుకుంటామే, అదా డాక్టరు గారూ?

చెవిముక్కుగొంతు
దగ్గరిదే, కానీ అక్కడ మోసపోయేది కన్ను. ఈ అబ్బాయికి మోసం చేసింది చెవి. రాత్రి గాల్లో రెండూ కలిసి మోసం చేసే అవకాశం ఉంది, అదీ చిక్కు.

ఘాట్‌రోడ్_గోవిందు
నేను తిరుమల రెండో ఘాట్‌లో ఏళ్ల తరబడి జీపు తోలుతున్నా. తెల్లారుజామున మంచు కమ్మితే బానెట్ కూడా కనపడదు. అయినా ఏ మలుపు ఎంత వంకర అనేది నా నడుముకు తెలుస్తుంది. ఇదంతా అలవాటు మీద వచ్చేదే. ఈ కాలం పిల్లకాయలు మీటర్లు చూసి చూసి ఒంటిని నమ్మడం మానేశారు. కొన్నాళ్లు తిరగనీ, ఒళ్లే చెబుతుంది.

మాజీ_వాయుసేన_చిత్తూరు
గోవిందన్నా, నీ నడుముకు తెలిసేది నీ టైర్లు నేల మీద ఉన్నాయి కాబట్టి. మలుపులో జీపు నిన్ను పక్కకు తోస్తుంది, దాన్ని పట్టుకుని నువ్వు లెక్క వేస్తావు. విమానం సరిగ్గా ఒరిగి తిరిగితే పక్కకు తోపు ఉండదు, బరువంతా తిన్నగా సీటులోకే దిగుతుంది. అంత వంపులోనూ చేతిలో గ్లాసెడు నీళ్లు ఒక్క చుక్క ఒలకవు. ఇక నడుము ఏం చెబుతుంది పాపం?

నేను పైలట్‌ను కాను, వాయుసేనలో ఇన్‌స్ట్రుమెంట్ల మీద పనిచేసి రిటైరయ్యాను. అలవాటు మీద వస్తుంది అన్నావు కాబట్టి ఒకటి చెబుతా. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్ బయల్దేరిన ఎయిర్ ఇండియా 747, పేరు ఎంపరర్ అశోక. టేకాఫ్ తర్వాత కొద్దిగా కుడికి తిరిగి సమం అయింది. కెప్టెన్ ముందున్న యాటిట్యూడ్ ఇండికేటర్ మాత్రం ఇంకా కుడికి ఒరిగి ఉన్నట్టే చూపించింది. ఆయన సరిచేస్తున్నాను అనుకుని ఎడమకు తిప్పుతూ పోయాడు. కింద అరేబియా సముద్రం, కిటికీలోంచి చూస్తే ఆకాశం ఎక్కడో నీళ్లెక్కడో తెలియని చీకటి. గాల్లోకి లేచి రెండు నిమిషాలు కాకముందే బాంద్రా తీరం దగ్గర సముద్రంలో పడింది. 213 మంది పోయారు. ఆయన నిన్న మొన్న వచ్చిన పైలట్ కాదు, ఎంతో సీనియర్. అదే పగలైతే ఒక్కసారి బయటికి చూసి తేల్చేసేవాడు.

ఘాట్‌రోడ్_గోవిందు
అంటే మీటరు చెడిపోయింది కదా. మరి మీటర్నే నమ్మమంటారు? మీరే చెప్పండి సార్, ఎవర్ని నమ్మాలి?

మదనపల్లె_టమోటా
గోవిందన్న పాయింటు లాగాడు 😀

మాజీ_వాయుసేన_చిత్తూరు
మంచి ప్రశ్న. ఒక్క మీటర్ని కాదు, అన్నింటినీ కలిపి నమ్మాలి. పాత 172ల్లో యాటిట్యూడ్ ఇండికేటర్, హెడింగ్ ఇండికేటర్ (ఏ దిక్కుకు పోతున్నామో చూపేది) వాక్యూమ్ పంపు మీద తిరిగే గైరోలు, అంటే గిర్రున తిరిగే చక్రాలు. ఎంత వేగంగా మలుపు తిరుగుతున్నామో చూపే టర్న్ కోఆర్డినేటర్ కరెంటు మీద నడుస్తుంది. ఎత్తు, వేగం చూపేవి బయటి గాలి ఒత్తిడి మీద పనిచేస్తాయి. ఇలా వేర్వేరు దారుల్లో పెట్టడం ఊరికే చేసింది కాదు. పంపు పోతే గైరో టక్కున ఆగదు, వేగం తగ్గుతూ తగ్గుతూ మెల్లగా వాలుతుంది. పైలట్ కూడా దానితోపాటు విమానాన్ని వాలుస్తూ పోతాడు, అదే ప్రమాదం. అందుకే ఒరిగినట్టు చూపిస్తుంటే టర్న్ కోఆర్డినేటర్ ఏమంటోంది, హెడింగ్ మారుతోందా, ఎత్తు తగ్గుతోందా అని చూపు తిరుగుతూనే ఉండాలి. ముగ్గురు ఒక మాట, ఒకడు ఇంకో మాట అంటే ఆ ఒకడి మొహం మీద కాగితం అంటించి కప్పేయాలి. నిజంగానే కప్పేస్తారు, ఎందుకంటే అబద్ధం చెబుతోందని తెలిసినా కన్ను దానిమీదికే పోతుంది.

కాళహస్తి_నాన్న
మా అమ్మాయి కూడా ఈ కోర్సులోనే ఉంది, వచ్చే నెల నైట్ ఫ్లయింగ్ అంది. ఇది చదివాక నాకు నిద్ర పట్టేలా లేదు. చిన్న విమానాలు రాత్రిపూట ఎగరడం అసలు ఎందుకు? మానేస్తే పోదా?

ఏటీసీ_ఏడుకొండలు
మానేస్తే లైసెన్సు రాదు సార్. సీపీఎల్‌కు మొత్తం 200 గంటలు, అందులో 5 గంటలు రాత్రి, 10 టేకాఫ్‌లు 10 ల్యాండింగ్‌లు ఉండాలి. అయితే మన దేశంలో సూర్యాస్తమయం తర్వాత కంటిచూపు మీద ఆధారపడి, అంటే వీఎఫ్ఆర్‌లో, ఎవరు పడితే వాళ్లు ఎగరడానికి లేదు. స్థానికంగా ఎగిరేవాటికి, ఫ్లయింగ్ క్లబ్బుల శిక్షణకు ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించేవాళ్లు) అనుమతిస్తేనే. కాబట్టి మీ అమ్మాయి ఎక్కడో చీకట్లో ఒంటరిగా తప్పిపోయే పరిస్థితి ఇక్కడ తక్కువ.

డల్లాస్_దామినేడు
ఇక్కడ అమెరికాలో అలా కాదు. ప్రైవేట్ లైసెన్సు ఉంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మీటర్లు మాత్రమే చూసి నడిపే అర్హత) లేకపోయినా రాత్రి వీఎఫ్ఆర్‌లో ఎగరొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది, చీకటి ఒప్పుకోదు. అమెరికా మాజీ ప్రెసిడెంట్ కెనడీ కొడుకు జాన్ కెనడీ జూనియర్ 1999 జులై 16 రాత్రి పోయింది అలాగే. పైపర్ సారటోగా, ఒకటే ఇంజిను. పక్కన భార్య, ఆమె అక్క. మార్తాస్ వినియార్డ్ దీవికి వెళ్తూ తీరం వదిలి నీళ్ల మీదికి వచ్చాడు. చంద్రుడి వెలుగు పెద్దగా లేదు, పైగా మసక. తుఫాను లేదు, ఇంజిన్ బాగానే ఉంది. దిగుతూ దిగుతూ అదుపు తప్పింది. దర్యాప్తులో స్పేషియల్ డిసోరియంటేషన్, అంటే ఏది పైనో ఏది కిందో, ఎటు ఒరిగామో తెలియకపోవడం, అనే తేల్చారు. ఆయనకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు.

నేను వారాంతాల్లో సరదాకు ఎగురుతాను. నా నియమం ఒకటే, రాత్రి అయితే ఊళ్ల మీదుగా, హైవే వెంబడి వెళ్తాను. పెద్ద చెరువో, దీపాల్లేని మైదానమో దాటాల్సి వస్తే చుట్టు తిరిగి పోతాను. నాలుగు లీటర్లు ఎక్కువ తాగితే తాగనీ.

మదనపల్లె_టమోటా
ఆటోపైలట్ పెట్టుకుంటే అయిపోతుంది కదా అన్నా? ఇంత చర్చ ఎందుకు.

డల్లాస్_దామినేడు
కెనడీ విమానంలో ఆటోపైలట్ ఉంది తమ్ముడూ.

పుంగనూరు_పొట్టిఆవు
మన వైఎస్సార్ హెలికాప్టర్ కూడా ఇలాంటిదేనా? మన జిల్లాకే కదా వస్తున్నది ఆరోజు.

ఏటీసీ_ఏడుకొండలు
దాన్ని దీంట్లో కలపొద్దు. 2009 సెప్టెంబర్ 2, అది పొద్దున పూట, నల్లమల మీద మబ్బు, వాన. మబ్బులోకి పోతే పగలైనా హొరైజన్ (నేల, ఆకాశం కలిసే గీత) కనపడదనే మాట నిజమే, కానీ ఆ ప్రమాదం వేరే కథ. దానికి వేరే థ్రెడ్ పెట్టుకోండి, ఇక్కడ మొదలైతే రాజకీయం అయిపోతుంది.

కపిలతీర్థం77
చీకట్లో కన్ను ఎలా మోసపోతుందో చూడాలంటే విమానం ఎక్కక్కర్లేదు. వెన్నెల లేని రాత్రి అలిపిరి వైపు తల ఎత్తి చూడండి. గాలిగోపురం దగ్గర శంఖుచక్రనామాల లైట్లు ఆకాశంలో వేలాడుతున్నట్టు ఉంటాయి. వాటి కింద కొండ ఉందని మనకు తెలుసు కాబట్టి కొండను మనమే ఊహించుకుంటాం. మెట్లదారి దీపాలు ఏటవాలుగా పైకి పోతుంటాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు మా మేడ మీద నిలబడి అవేం నక్షత్రాలు అని అడుగుతుంటారు. తిరుపతికి కొత్తవాడు ఒకడు చిన్న విమానంలో ఇటు చూస్తే ఏది నేల, ఏది ఆకాశం అనుకుంటాడో.

మాజీ_వాయుసేన_చిత్తూరు
కపిలతీర్థం గారు పట్టుకున్నది అసలు విషయం. పైలట్ మనసు ఎప్పుడూ ఒక అడ్డగీత కోసం వెతుకుతూ ఉంటుంది. ఏటవాలు దీపాల వరస కనబడితే దాన్నే హొరైజన్ అనుకుని రెక్కలు దానికి సమం చేస్తాడు, అంటే విమానాన్ని ఒరగబెడతాడు. ఒరిగిన మబ్బు అంచు కూడా అంతే. సముద్రం మీద పడవల దీపాలు నక్షత్రాల్లో కలిసిపోతాయి. ఇటు పులికాట్ వైపు చూడండి, నీళ్లు, దాని అవతల శ్రీహరికోట, దాని అవతల బంగాళాఖాతం. అటు మామూలు విమానాలకు ఎలాగూ దారి ఇవ్వరు, అది వేరే సంగతి.

ఇంకొకటి. చీకట్లో ఒకే ఒక్క దీపాన్ని కాసేపు తదేకంగా చూస్తే అది కదులుతున్నట్టు ఉంటుంది. నిలబడి ఉన్న దీపమే. వేరే విమానం అనుకుని దాన్ని తప్పించుకోబోయినవాళ్లున్నారు. చూపు ఒకచోట నిలపకూడదు.

రేణిగుంట_రెక్కలు
చెవిముక్కుగొంతు గారూ, మీ పోస్టు బ్యాచ్ గ్రూపులో పెట్టాను. అరగంటలో నలుగురు "నాకూ అయింది" అన్నారు. ఒకడైతే విమానం తలకిందులైనట్టు అనిపించి కళ్లు మూసుకున్నాడట, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఇన్నాళ్లు అందరం ఎవరికి వాళ్లం దాచుకున్నాం. మెడికల్ సంగతి మాత్రం ఇంకా అడగాలి.

చెవిముక్కుగొంతు
గాల్లో టర్న్ తర్వాత వచ్చి పోయే భ్రమ జబ్బు కాదు, దానికి క్లాస్ వన్ పోదు. నేల మీద మామూలుగా ఉన్నప్పుడు తల తిరగడం, చెవిలో హోరు, ఒక చెవి వినికిడి తగ్గడం ఉంటే అది వేరు, అది దాచకూడదు. జలుబుతో ఎగరవద్దు. ముక్కు నుంచి చెవికి పోయే దారి మూసుకుపోతే ఎత్తు మారేటప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా మారి నిజంగానే తల గిర్రున తిరుగుతుంది. జలుబు తగ్గుతుందని సెట్రిజిన్ మింగి ఎక్కడం అంతకన్నా తప్పు, మత్తు. ఇంకో మాట, టర్న్‌లో ఉన్నప్పుడు కింద పడిన పెన్ను కోసం గబుక్కున తల వంచొద్దు. అప్పటికి ఒక నాళం తిరుగుడుకు అలవాటుపడి ఉంటుంది, తల వంచేసరికి ఇంకో నాళం ఆ తిరుగుడులోకి వస్తుంది, విమానం మొగ్గ వేసినట్టే అనిపిస్తుంది.

పుత్తూరు_కట్టు
పెన్ను పడితే పోనీలే తమ్ముడూ, పది రూపాయలు నేను పంపిస్తా.

ఘాట్‌రోడ్_గోవిందు
సరే సార్, ఒప్పుకుంటా అనట్లేదు గానీ, ఒక మనిషి తప్పు దారిలో పోతున్నాడని తెలియడానికి ఎంతసేపు పడుతుంది? ఎత్తు తగ్గుతుంటే సీటు కింద తెలియదా?

డల్లాస్_దామినేడు
తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. 1954లో ఇల్లినాయిస్ యూనివర్సిటీ వాళ్లు ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని తీసుకుని, బయటి చూపు లేకుండా నడిపించి చూశారు. అదుపు తప్పడానికి సగటున పట్టింది 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు. ఇరవైలో ఒక్కరు కూడా నిలబడలేదు.

ఎక్కువగా జరిగేది గ్రేవ్‌యార్డ్ స్పైరల్. విమానం మెల్లగా ఒరుగుతుంది, పైన డాక్టరు గారు చెప్పినట్టు ఒంటికి తెలియదు. ఒరిగింది కాబట్టి ముక్కు దిగుతుంది, వేగం పెరుగుతుంది, గాలి హోరు పెరుగుతుంది. పైలట్‌కు వినబడేది ఆ హోరు, కనబడేది తగ్గుతున్న ఎత్తు. "తిన్నగా కిందికి పోతున్నా" అనుకుని కంట్రోల్ వెనక్కి లాగుతాడు. ఒరిగి ఉండగా లాగితే పైకి లేవదు, మలుపు ఇంకా బిగుసుకుంటుంది. ఇంకా లాగుతాడు. సీటులోకి బరువు పెరుగుతుంది గోవిందన్నా, నువ్వన్న ఆ సీటు కింద తెలిసేది అదే, కానీ అది "పైకి లేస్తున్నాం" అన్నట్టే ఉంటుంది. ముందు ఇంజిన్ పవర్ తగ్గించాలి, తర్వాత రెక్కలు సమం చేయాలి, అప్పుడే మెల్లగా ముక్కు లేపాలి. ఈ వరస తప్పితే రెక్కలు విరిగిన సందర్భాలూ ఉన్నాయి.

ఘాట్‌రోడ్_గోవిందు
బ్రేకు లేని బండి మీకే ఉండనీండి స్వామీ.

రేణిగుంట_రెక్కలు
నిన్న ఇన్‌స్ట్రక్టర్‌ను పట్టుబట్టి అడిగాను. పగలే, నాకు హుడ్ (బయట కనపడకుండా కళ్లకు అడ్డం పెట్టేది) పెట్టి, కళ్లు మూసుకోమని తలదించి కూర్చోబెట్టి ఆయన నడిపాడు. "ఇప్పుడు ఎలా ఉన్నాం చెప్పు" అంటే తిన్నగా, కాస్త పైకి ఎక్కుతున్నాం అన్నాను. కళ్లు తెరిస్తే ముక్కు కిందికి, కుడికి బాగా ఒరిగి ఉన్నాం, ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు వెనక్కి గిర్రున తిరుగుతోంది. నా మాట చెప్పినంత ధీమాగా నేను పరీక్షల్లో కూడా ఎప్పుడూ జవాబు రాయలేదు. డల్లాస్ అన్న చెప్పిన వరసే చేయించాడు. మళ్లీ మళ్లీ చేశాం. రెండో రోజు భ్రమ తగ్గలేదు, కానీ చెయ్యి మాత్రం దాని మాట వినడం మానేసింది.

చెవిముక్కుగొంతు
తగ్గదు కూడా. బెంగళూరులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో ఈ భ్రమలను నేల మీదే చూపిస్తారు. కళ్లు మూసి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, ఎటు తిరుగుతున్నామో బొటనవేలితో చూపించమంటారు. కుర్చీ ఆగిపోయాక కూడా వేలు ఎదురువైపు చూపిస్తూనే ఉంటుంది. చుట్టూ నిలబడ్డవాళ్లు నవ్వుతారు, తర్వాత వాళ్ల వంతు వస్తుంది.

కాళహస్తి_నాన్న
ఇదంతా అమ్మాయికి పంపాను. "నాన్నా ఇవన్నీ మాకు పుస్తకంలో ఉన్నాయి" అంది. పుస్తకంలో ఉండటం వేరు కదండీ. మొదటి రాత్రి టేకాఫ్‌లో ముఖ్యంగా ఏం చూసుకోవాలో ఎవరైనా చెప్పండి.

డల్లాస్_దామినేడు
రన్‌వే లైట్లు ముక్కు కిందికి వెళ్లిపోయిన క్షణం నుంచి బయట ఏమీ ఉండదు సార్. అప్పటిదాకా బయట చూసిన కళ్లు ఆ క్షణానికి ముందే లోపలికి రావాలి. వేగం పుంజుకుంటున్నప్పుడు చెవిలోని ఇంకో భాగం, వంపును పసిగట్టేది, ముక్కు ఎక్కువ లేచిపోయింది అంటుంది. భయపడి ముక్కు దించితే కింద నేల. ఆ మొదటి వెయ్యి అడుగులు యాటిట్యూడ్, వేగం, ఎత్తు పెరుగుతోందా, ఈ మూడే. రేడియోలో ఎవరు పిలిచినా, ఫ్రీక్వెన్సీ మార్చమన్నా ఒక్క క్షణం ఆగమని చెప్పొచ్చు.

ఏటీసీ_ఏడుకొండలు
చెప్పొచ్చు, మేమేం అనుకోం. దిగేటప్పుడు కూడా ఒకటి. రన్‌వే లైట్లు తప్ప చుట్టూ ఏమీ లేని చోట దిగుతుంటే ఎత్తు ఎక్కువ ఉన్నట్టు అనిపించి కిందికి దిగిపోతారు, రన్‌వేకు ముందే నేల తగులుతుంది. పాపి లైట్లు (సరైన ఎత్తులో దిగుతున్నామో లేదో రంగులతో చెప్పే రన్‌వే పక్క దీపాలు) ఉంటే రెండు తెలుపు, రెండు ఎరుపు ఉండేలా చూసుకోమనండి. నాలుగూ ఎరుపైతే ఇంకో మాట లేదు, పవర్ పెట్టి పైకి పోవాలి.

మాజీ_వాయుసేన_చిత్తూరు
కాళహస్తి సార్, టార్చి లైటు రెండు కొనివ్వండి, ఒకటి సరిపోదు. ఎరుపు వెలుగుది ఒకటి, తెల్ల వెలుగుది ఒకటి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది, తెల్ల టార్చి ఒక్కసారి మొహాన కొడితే మళ్లీ మొదటికి వస్తుంది. అలాగని ఎరుపు టార్చి కింద మ్యాప్‌లో ఎర్ర గీతలు కనపడవు, అందుకే రెండోది. బ్యాటరీలు కొత్తవి వేయించండి, టార్చికి తాడు కట్టి మెడలో వేసుకోమనండి.

కాళహస్తి_నాన్న
రేపే గాంధీరోడ్డుకు పోయి తెస్తా.